గట్టిగా మాట్లాడే ఇల్లు

మా ఇంటిపేరు మేకల.
ఏ తరంలోనూ మేకలు కాసినవాళ్లం కాదు.
బందరు కచేరీలో గుమాస్తా ఎవరో
మెకెల్లర్ అనే మాటకి నోరు తిరగక
మేకల అని రాసి, ఇసక చల్లి ఆరబెట్టాడంట.
అంతే, అప్పట్నించీ మేకలవాళ్లం.

నాయనమ్మ ఎల్సమ్మ చెప్పేది,
గిలకలదిండిలో మెత్తళ్లు ఎండబోస్తూ:
స్కాట్లాండులో అతని ఊరుండేదంట,
గొర్రెలకి చోటు కావాలని మనుషుల్ని వెళ్లగొట్టారంట,
పొయ్యి ఆరకముందే ఇంటికప్పు పీకేశారంట.
పదిహేడేళ్లకి పటాలంలో చేరాడు.
రాజు మీద భక్తితోనా, అన్నాను.
కాదే పిచ్చిమొహమా, బూట్లిస్తారని.

ఓడ మీద ఆరునెలలు. బొంబాయిలో ఫిరంగి దళం.
ఫిరంగి నోట్లోకి తడిబొంత దూర్చి తుడవడం అతని పని.
తర్వాత అరబ్బుల సముద్రం ఒడ్డున ఏదో ఊరు,
ఆరు రోజులు ఆపకుండా కాల్చారు.
ఆ ఊరి పేరు నాయనమ్మకి తిన్నగా వచ్చేది కాదు,
"రాసలకాయో, రాసిలకాయో!"
ఏడోరోజు నించి అతనికి వినపడలేదు,
కుడిచెవి మొత్తం, ఎడంచెవి ముప్పాతిక.

పనికిరాడని పింఛనిచ్చి బందరుకి తోలారు.
అక్కడ ఉప్పుచేపలమ్మే మంగాయిని కట్టుకున్నాడు.
అన్నానికి రమ్మని ఆమె అరిచేది.
పిల్లలు అరిచి అడిగేవాళ్లు.
వాళ్ల పిల్లలకి మాట్లాడ్డమంటేనే అరవడం.
పిల్లికళ్లు రెండు తరాల్లో మాసిపోయాయి.
మిగిలింది ఒక ఇత్తడి బొత్తాం, ఈ గొంతు.
పెళ్లిచూపుల్లో నేను మంచినీళ్లడిగితే
పెళ్లికొడుకు మేనత్త ఉలిక్కిపడింది.

వీసా కాగితం మీద ఊరి పేరు చదివి
ఏజెంటు బల్ల ముందే కూలబడ్డాను.
రాసల్‌ఖైమా.
రాసలకాయ!

మొదటి ఇంట్లో మేడమ్ నెలకే పంపేసింది,
నా గొంతుకి తలనొప్పొస్తోందని.
రెండో ఇల్లు షమ్మా ముసలమ్మది.
తొంభై దాటింది, చెవులు లేవు.
కొడుకుల మాట వినదు, డాక్టరు మాట వినదు.
నా మాట వింటుంది.
కాదు, వినపడుతుంది.
"ఇన్నాళ్లకి అల్లా ఒక మనిషి గొంతు పంపాడు" అంటుంది,
నాకొచ్చిన ముక్కల అరబ్బీలో నాకర్థమైనంత.

సాయంత్రాలు చక్రాలకుర్చీలో ఒడ్డుకి తోసుకెళ్తాను.
ఒకరోజు చేపల మార్కెట్టు వైపు వేలు చూపించింది.
మా పెద్దల బురుజు అక్కడుండేది,
పగడపురాయి, సున్నం.
ఇంగ్లీషోళ్ల ఓడలొచ్చి కూల్చాయి.
పడవలు తగలబెట్టారు, ముత్యాలకి పోయేవీ,
ఖర్జూరం తెచ్చేవీ, దేన్నీ వదల్లేదు.
మా అవ్వకి అవ్వ రొట్టెలకి పిండి కలుపుతోందంట,
ఆ చేతులతోనే తోటల్లోకి పరిగెత్తింది.
చెప్తూ చెప్తూ షమ్మా చేతులు
ఒకదాన్నొకటి దులుపుకున్నాయి.

నా పర్సులో బొత్తాం.
కూలికొచ్చినవాడే అతనూ, నాలాగే,
అని సర్దిచెప్పుకున్నాను. సరిపోలేదు.
కప్పు పీకించుకున్నవాడికి
కప్పు కూలడమంటే తెలీదా?

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మెల్లగా మాట్లాడాను:
"షమ్మామ్మా, ఆ ఫిరంగి తుడిచింది మా తాత."

నా పెదాలకేసి చూసింది.
"ఏమన్నావ్?"
కాళ్ల మీద దుప్పటి సర్ది, గట్టిగా అన్నాను,
"చలేస్తోందా, ఇంటికి పోదామా?"
"నువ్వన్నది అది కాదు," అని చెయ్యి చాచింది.

బొత్తాం పెట్టాను అరచేతిలో.
బొటనవేలితో దాని మీది ఫిరంగిబొమ్మ తడిమింది,
ముత్యాన్ని చూసినట్టు పంటికి రాసి చూసింది.
"ఇత్తడి," అని తిరిగిచ్చేసింది.

దారిలో మార్కెట్టు దగ్గర ఆపమంది.
గోనెల మీద మెత్తళ్లు ఎండుతున్నాయి.
కిలో ఎంతో అడగమంది,
గట్టిగా.